వరసంతా రంగు

గోడకి వేలాడే తెలుగు కేలండర్ని ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? ఆదివారాలూ, పండుగలూ ఎరుపు. తక్కినవన్నీ నలుపు. ఆ ఎర్ర అంకె కనబడగానే ఇంట్లో ఎవరి సంతోషం వారిది. పిల్లలకి బడి లేదు. మావారికి ఆఫీసు లేదు. నాకు మాత్రం ఆ వేళ వంటింట్లోంచి బయటికి రావడం లేదని అర్థం. ఎరుపు ఒకటే, చూసే కళ్ళనిబట్టి అర్థం మారిపోతుంది. ఈ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసుననే అనుకుంటూ వచ్చాను. తెలియదని ఈమధ్యనే తెలిసింది.

మా చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డులో ముప్ఫయ్యయిదుకి తక్కువ వస్తే మేష్టారు ఎర్రసిరాతో ఆ అంకె కింద గీత గీసేవారు. గీత మార్కుల కిందే కాని సబ్జెక్టు పేరు కింద గీసేవారు కారు. నాన్నగారు కళ్ళజోడు సవరించుకుని, గీత మీద వేలు పెట్టి, మెల్లిగా ఎడమవైపుకి జరుపుకుంటూ వెళ్ళి, ఏ సబ్జెక్టో వెతుక్కునేవారు. ఒకసారి ఆ వేలు ఒక వరస పైకి జారింది. హిందీలో తప్పిన మా అన్నయ్యకి ఇంగ్లీషులో తప్పినందుకు చీవాట్లు పడ్డాయి. వాడు నోరెత్తలేదు. ఏ సబ్జెక్టయితేనేం, చీవాట్లు చీవాట్లేగా!

ఆ జారిన వేలు దాదాపు యాభై ఏళ్ళకి మళ్ళీ నాకు గుర్తొచ్చింది.

నేను విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. "రాస్తాను" అనడం అలవాటు కొద్దీ అంటున్నాను గాని, కలం పట్టి చాలా ఏళ్ళయింది. ఇప్పుడంతా కంప్యూటరే. రోజూ ఎక్సెల్ షీటు తెరవడం, అందులో గళ్ళు నింపడం. నిలువు గళ్ళకి ఏ, బీ, సీ అని పేర్లు, అడ్డు వరసలకి 1, 2, 3 అని అంకెలు. మా స్టాకు షీటులో ఏ గడిలో వరస నంబరు, బీలో మందు పేరు, సీలో తయారుచేసిన కంపెనీ, డీలో బ్యాచి నంబరు, ఈలో ప్యాకింగు, ఎఫ్‌లో గడువు తేదీ, జీలో ఎన్ని ఉన్నాయి, హెచ్‌లో ధర, ఐలో గోడౌన్లో ఏ అరలో ఉందీ, జేలో రిమార్కులు. వరసలు నాలుగు వందలకి పైమాటే.

మా ఓనరుగారి అబ్బాయి చదువు ముగించుకుని వ్యాపారంలోకి వచ్చిన కొత్తలో, ఒకరోజు నా కుర్చీ వెనకాల నిలబడి, "ఇన్ని అంకెలు ఎవరు చదువుతారాంటీ? గడువు తీరిపోయినవాటికి ఎరుపు, మూడు నెలల్లో తీరేవాటికి పసుపు, మిగతావాటికి ఆకుపచ్చ వచ్చేట్టు చెయ్యండి. చూడగానే తెలిసిపోవాలి" అన్నాడు.

సరే, ఆ సాయంత్రం కూర్చుని, ఒక్కొక్క గడినీ ఎంచి రంగు వెయ్యడం మొదలుపెట్టాను. అరవై వరసలయ్యేసరికి మెడలు పడిపోయాయి. పైగా ఇవాళ పసుపు ఉన్నది నెల తిరిగేసరికి ఎరుపవుతుంది కదా, మళ్ళీ మొదటినుంచీ వెయ్యాలి. ముగ్గయినా ఇంత శ్రమ పెట్టదు.

రాత్రి హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి ఫోనులో చెప్పుకుని వాపోతే, అది పకపకా నవ్వింది. "రంగు నువ్వు వెయ్యకూడదమ్మా. ఎప్పుడు వెయ్యాలో షరతు చెప్పు. రంగు అదే వేసుకుంటుంది. దాన్ని కండిషనల్ ఫార్మాటింగ్ అంటారు" అంది. ఇదేమీ కొత్త వింత కాదట. ఎక్సెల్ 97 నాటినుంచీ ఉందట. అప్పట్లో ఒక గడికి మూడు షరతులకి మించి పెట్టనిచ్చేది కాదు, 2007 నుంచి ఆ హద్దు పోయింది. ఇన్నేళ్ళుగా నా కంప్యూటర్లోనే ఉన్న సౌకర్యం నాకు తెలియకపోవడం, ఇంట్లో పెట్టుకుని పొరుగింటికి రుబ్బురోలు కోసం వెళ్ళడంలా ఉంది.

అది చెప్పినట్టే గడువు తేదీలున్న ఎఫ్ గళ్ళన్నీ ఎంచుకున్నాను. తేదీ ఇవాళ్టికంటే ముందుదైతే ఎరుపు అని ఒక షరతు పెట్టాను. "ఇవాళ" అన్నది మనం రాయక్కర్లేదు. "టుడే" అని పెడితే ఏ రోజుకా రోజు అదే తెలుసుకుంటుంది. మందు సీసా మీద నెలా, సంవత్సరమే వేస్తారు కదా, ఫిబ్రవరి అని ఉంటే ఫిబ్రవరి ఆఖరి రోజుదాకా వాడొచ్చని లెక్క. అందుకని నేను నెల ఆఖరి తారీఖే వేస్తాను. ఎరుపు చక్కగా వచ్చింది. సంతోషం పట్టలేక, ఇవాళ్టినుంచి తొంభై రోజుల లోపయితే పసుపు అని రెండో షరతు పెట్టాను. ఉన్న ఎరుపు కాస్తా ఎగిరిపోయి అన్నీ పసుపయిపోయాయి!

మళ్ళీ అమ్మాయికి ఫోను. "గడువు తీరినవి కూడా తొంభై రోజుల లోపువే కదమ్మా. రెండు షరతులూ వాటికి వర్తిస్తాయి. అప్పుడు జాబితాలో పైనున్న షరతు మాటే చెల్లుతుంది. కొత్తగా పెట్టింది పైకెక్కి కూర్చుంటుంది. నువ్వు ఎరుపుని పైకి జరుపు" అంది. మన ఇళ్ళల్లో కొత్త కోడలు ఓ మూల ఒదిగి నిలబడితే, ఎక్సెల్లో కొత్తగా వచ్చినది వస్తూనే పెత్తనం చేస్తుందన్నమాట. ఎరుపుని పైకి జరిపాను. ఇల్లు చక్కబడింది. తొంభై రోజులు, ఆ పైన ఉంటే ఆకుపచ్చ అని మూడోది కూడా పెట్టేశాను.

మర్నాడు ఆఫీసులో నాకు జరిగిన సన్మానం ఇంతా అంతా కాదు. ఓనరుగారు స్వయంగా వచ్చి చూశారు. గోడౌన్లో కంప్యూటరు ముందు ఆ షీటు తెరిచిపెట్టించారు. గోడౌన్లో సరుకు తీసి పెట్టెల్లో సర్దే అబ్బాయి ఒకడున్నాడు. ఇరవై నాలుగేళ్ళుంటాయి. నెమ్మదస్తుడు. తండ్రి లేడు. తల్లీ, డిగ్రీ చదివే చెల్లెలూ వాడి జీతం మీదే ఆధారం. ప్రతి ఆర్డరుకీ తేదీలు ఒకటొకటే చదువుకుని, సరిచూసుకుని గాని సరుకు కదిపేవాడు కాదు. నేనే వాడిని పిలిచి గొప్పగా చెప్పాను: "ఇంక తేదీలు చదువుతూ కూర్చోనక్కర్లేదు నాయనా. ఎర్రవి ముట్టుకోకు. ఆకుపచ్చవి తీసెయ్. అంతే."

ఆ అబ్బాయి తలూపాడు. ఆ ఊపడంలో ఏదో తటపటాయింపు ఉందేమోనని ఇప్పుడనిపిస్తోంది. అప్పుడు నాకు నా రంగులు తప్ప మరేం కనబడలేదు.

2024 ఏప్రిల్లో, నూజివీడు దగ్గర ఒక పల్లెటూళ్ళోని మందుల షాపాయన దగ్గరనుంచి ఫోనొచ్చింది. మేం పంపిన పెట్టెలో పిల్లల జ్వరం సిరపు ఇరవై నాలుగు సీసాలు. అన్నిటి గడువూ ఫిబ్రవరితో తీరిపోయింది. చంటిపిల్లవాడికోసం వచ్చిన ఒక తల్లి చేతికి ఇవ్వబోతూ, అలవాటుగా సీసా తిప్పి చూశాడు కాబట్టి సరిపోయింది. "నేను చూడకపోతే ఏమయ్యేదండీ?" అన్నాడాయన. కోప్పడలేదు. అడిగాడంతే. ఆ ఫోను ఎత్తింది నేనే. నా గుండె గుభేలుమంది.

షీటు తీసి చూశాను. ఆ సిరపువి మూడు బ్యాచిలున్నాయి. 112, 113, 114 వరసలు. 113 ఎఫ్ గడి ఎర్రగా ఉంది. నేను వెయ్యమన్న రంగు అది వేసింది. తీసింది మాత్రం ఆ 113వ వరసలోని సరుకే.

ఓనరుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. కుర్రవాణ్ణి పిలిచి, "కళ్ళు లేవురా నీకు? ఎర్రగా కనబడుతుంటే తీస్తావా?" అని కేకలేశారు. వాడు తలొంచుకుని నిలబడ్డాడు. ఒక్క మాటా మాట్లాడలేదు. ఓనరుగారు నా వైపు తిరిగి, "నెలాఖరుకి వీడి లెక్క తేల్చేయండమ్మా. పిల్లల ప్రాణాలతో చెలగాటమా?" అని వెళ్ళిపోయారు. జీతాల లెక్కలు కూడా నేనే చూస్తాను మరి.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక షీటు ముందు ఒక్కదాన్నీ కూర్చున్నాను. 113వ వరస మీద వేలు పెట్టి, ఎర్ర గడి దగ్గరనుంచి ఎడమకి జరుపుకుంటూ వెళ్ళాను. ఈ, డీ, సీ దాటి మందు పేరు దగ్గరికొచ్చేసరికి నా వేలు 112 మీద ఉంది! మళ్ళీ కుడివైపుకి, అర నంబరు వెతుక్కుంటూ వెళ్ళాను. ఈసారి 114 మీద తేలింది. నాన్నగారి వేలు కళ్ళముందు మెదిలింది. పేరు ఆ చివర, అర నంబరు ఈ చివర, రంగు మధ్యలో ఒకే ఒక్క గడిలో. తక్కిన గళ్ళన్నీ తెల్లగా, మాకేం సంబంధం అన్నట్టున్నాయి. మూడూ ఒకే మందైతే, పేరు చూసి కూడా తప్పు పట్టుకోలేరు. గడువు తీరింది తేదీకా? మందుకి కదా! ఆ వరసంతటికీ కదా ఎరుపు రావలసింది!

ఇంటికొచ్చి మావారితో చెప్పాను. ఆయన పేపరు పక్కన పెట్టి అంతా విని, "నీ పేరు ఎవరూ ఎత్తలేదుగా? మరెందుకొచ్చిన గొడవ? రిటైరయ్యే వయసులో మాట పడతావా?" అన్నారు. నా మీద ప్రేమతో అన్నదే. కాదనను. పడుకున్నాను. నిద్ర పట్టలేదు. ఆయన మాట సబబుగా ఉన్నట్టే ఉంది. కాని కళ్ళు మూసుకుంటే ఆ కుర్రాడి వంచిన తలే కనబడుతోంది. హిందీలో తప్పి ఇంగ్లీషుకి తిట్లు తిన్న మా అన్నయ్య కూడా అలాగే నిలబడ్డాడు.

పొద్దున్నే ఓనరుగారి గదిలోకి వెళ్ళి, "తప్పు ఆ అబ్బాయిది కాదండీ. నా షీటుది" అన్నాను. వేలు జారడం ఆయన చేతే చేయించి చూపించాను. ఆయన వేలు కూడా జారింది. కాసేపు మాట్లాడలేదు. "ముందు షీటు బాగుచెయ్యండి. కుర్రాడి సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆయన ముఖంలో నామీద ఇన్నేళ్ళుగా ఉన్న నమ్మకం ఒక వీసమెత్తు తగ్గిందేమో. తగ్గితే తగ్గిందిలే అనుకున్నాను.

వరసంతటికీ రంగు రావాలంటే ఎఫ్ గళ్ళు మాత్రమే కాకుండా ఏ నుంచి జే దాకా మొత్తం పట్టికని ఎంచుకుని షరతు పెట్టాలి. పెట్టాను. నా తండ్రే! షీటంతా కుంకుమ బరిణె ఒలికినట్టయిపోయింది. మొన్న కొన్న మందు కూడా ఎరుపే.

దీనికి కారణం తెలుసుకున్నాక నాకు ఎక్సెల్ మీద కొంత గౌరవం పెరిగింది. అది మనం చెప్పినది చెప్పినట్టు చెయ్యదు, చెప్పిన తీరుని పట్టుకుంటుంది. "ఏ గడికి రంగు వెయ్యాలంటే ఎఫ్ గడి చూడు" అని చెప్పామనుకోండి, అది "ఓహో, అయిదు గళ్ళు కుడివైపుకి చూడాలన్నమాట" అని అర్థం చేసుకుంటుంది. అంచేత బీ దగ్గరికొచ్చేసరికి జీని చూస్తుంది. సీ దగ్గర హెచ్‌ని చూస్తుంది. మందు పేరుకి రంగు వెయ్యాలా వద్దా అని సరుకు పరిమాణాన్ని అడుగుతుంది, కంపెనీ పేరుకి ధరని అడుగుతుంది.

అడిగితే అడిగింది, అన్నీ ఎర్రబడడమెందుకంటారా? దానికి తేదీ అన్నా అంకే. 1900 జనవరి 1 ఒకటో రోజుగా రోజులు లెక్కపెట్టుకుంటూ వస్తుంది. 2024 ఏప్రిల్ 1 దాని లెక్కలో 45,383వ రోజు. మా గోడౌన్లో ఏ సరుకైనా రెండు వందలో మూడు వందలో ఉంటుంది. 240 అన్నది 45,383 కంటే తక్కువే కదా, "గడువు తీరింది, ఎరుపు" అంటుంది. ఖాళీ గడి అయితే సున్నా కింద జమ, అదీ ఎరుపే. ఇంకో తమాషా, 1900లో లేని ఫిబ్రవరి 29ని కూడా అది లెక్కలో కలుపుకుంది. అంతకుముందున్న లోటస్ 1-2-3 చేసిన పొరపాటు, దానితో పొత్తు కుదరాలని ఉంచేశారట. మన పంచాంగాల్లో అధికమాసాలుంటే దాని పంచాంగంలో ఒక అధిక దినం!

ఇక మందు చాలా చిన్నది. ఎఫ్ అక్షరానికి ముందు ఒక డాలరు గుర్తు పెట్టాలి. అంతే. డాలరు పెడితే "ఎటునుంచి వచ్చినా సరే, ఎఫ్‌నే చూడు, పక్కకి జరగకు" అని గూటం కొట్టి కట్టేసినట్టు. అయితే 2 అన్న వరస నంబరుకి మాత్రం డాలరు పెట్టకూడదు. పెడితే నాలుగు వందల మందులూ రెండో వరసలోని ఒక్క మందు గడువునే చూస్తాయి. అక్షరం కదలకూడదు, అంకె కదలాలి. ఇంటి పేరు మారకూడదు, మనిషి పేరు మారాలి, అలాగన్నమాట.

డాలరు పెట్టగానే ఒలికిన కుంకుమంతా ఎవరో తుడిచేసినట్టు పోయి, గడువు తీరిన వరసలు మాత్రం ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఎర్రటి అంచులా నిలిచాయి. వెంటనే గోడౌన్ అబ్బాయిని పిలిచాను. "చూడు నాయనా, ఇప్పుడు పొరపాటుపడే వీల్లేదు. పేరూ, తేదీ, అరా అన్నీ ఒకే రంగు. ఏదీ, ఇందులో ఎర్ర వరస మీద వేలు పెట్టు" అన్నాను.

వాడు తెర మీదకి వంగాడు. చెయ్యి గాల్లో ఆగింది. కాసేపు చూసి, ఒక వరస మీద వేలు పెట్టాడు.

అది ఆకుపచ్చ వరస.

"పరాచికాలా?" అనబోయి వాడి ముఖం చూసి ఆగిపోయాను. నుదుటిమీద చెమట పట్టింది. గుమ్మంవైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "నాకు ఆ రెండూ ఒకలాగే కనబడతాయండి మేడంగారూ. ఈ లేత రంగులు మరీను. రెండూ మట్టిరంగులాగుంటాయి" అన్నాడు.

రైల్వేలో ఇంజను మీద ఉద్యోగానికి పరీక్ష పాసయ్యాడట. మెడికల్‌కి పిలిచారు. రంగురంగుల చుక్కల బొమ్మలున్న పుస్తకం ఒకటి ముందు పెట్టి, చుక్కల మధ్య ఏ అంకె ఉందో చెప్పమన్నారు. అందరికీ కనబడే అంకె వాడికి కనబడలేదు. ఉత్త చుక్కలే కనబడ్డాయి. ఉద్యోగం పోయింది. రైలు సిగ్నళ్ళు ఎరుపూ ఆకుపచ్చా కాబట్టి అది న్యాయమే. కాని అప్పటినుంచీ ఆ మాట ఎక్కడా బయటపెట్టలేదు. "చెబితే ఇదీ ఉండదని భయమండి. ఇదివరకు తేదీలు చదువుకునేవాణ్ణి కదండీ, ఇబ్బంది లేకపోయింది. రంగు చూసి తొందరగా తియ్యమన్నాక..." అని ఆగిపోయాడు. ఆ తొందరగా తియ్యమన్నది ఎవరో మీకు తెలుసు.

నేను రంగుల పెట్టె తెచ్చింది అందరికీ పని తేలిక చెయ్యాలని. వాడికి మాత్రం, ఉన్న ఒక్క దారీ మూసేశాను. పైగా వాడిని ఓనరుగారు "కళ్ళు లేవా" అని తిడుతుంటే, పక్కనే నిలబడి విన్నాను.

తర్వాత దీన్ని గురించి చదివాను. ఆ చుక్కల పుస్తకం ఇషిహారా అనే జపాను డాక్టరు 1917లో ప్రకటించినది, ఇప్పటికీ అదే వాడుతున్నారు. ఎరుపూ ఆకుపచ్చా కలిసిపోయి కనబడడం ఉత్తర యూరపు సంతతి మగవాళ్ళలో నూటికి ఎనిమిదిమంది దాకా ఉంటుందట. ఆడవాళ్ళలో రెండు వందలకి ఒకరు. మన దేశంలో అంతకంటే తక్కువే గాని, లేకపోలేదు. మగపిల్లవాడికి ఇది తల్లి ద్వారా వస్తుంది. తల్లికి రంగులన్నీ మామూలుగానే కనబడుతూ ఉండవచ్చు. తనలో ఉన్నదని ఆవిడకీ తెలియదు, కొడుక్కి ఇచ్చానని అంతకంటే తెలియదు.

"ఓనరుగారితో నేను చెబుతాను, ఏమీ అనరులే" అన్నాను వాడితో. "వద్దండి మేడంగారూ, మీకు దణ్ణం పెడతాను" అన్నాడు. ఆలోచించాను. నిజం దాచడం మంచిదా కాదా అన్నది పెద్ద ప్రశ్నే. కాని అది వాడి కళ్ళకి సంబంధించిన నిజం. చెప్పాలో వద్దో వాడి ఇష్టం. సరుకు తప్పు పోకుండా చూడడం మాత్రం నా బాధ్యత.

ఎరుపు బదులు ముదురు నారింజ రంగు, ఆకుపచ్చ బదులు నీలం పెట్టాను. వాడు ఆ రెండూ ఇట్టే పోల్చాడు. రంగుని ఒక్కదాన్నే నమ్ముకోకుండా, ఖాళీగా పడి ఉన్న రిమార్కుల గడిలో కూడా షరతు రాశాను. గడువు తీరితే "తీరింది, తియ్యవద్దు" అనీ, దగ్గర పడితే "ముందు ఇది పంపండి" అనీ అక్షరాలు వాటంతటవే పడతాయి. గడువు తీరిన వరసలో అక్షరాలన్నీ లావుగా వచ్చేట్టు చేశాను.

ఓనరుగారి అబ్బాయి చూసి, "ఎరుపే బావుంది కదాంటీ, ఎందుకు మార్చారు?" అన్నాడు. నేను సిద్ధంగానే ఉన్నాను. షీటుని ప్రింటు తీసి చేతికిచ్చాను. మా ఆఫీసు ప్రింటరు ఉత్త నలుపూ తెలుపూది. లేత ఎరుపూ, లేత ఆకుపచ్చా రెండూ ఒకే బూడిదరంగులో వచ్చాయి. "చూశారా, మన ప్రింటరుకి రంగులు తెలియవు. మరి కాగితం చూసి సరుకు తీసేవాళ్ళ మాటేమిటి?" అన్నాను. "కరెక్టే" అన్నాడు. పాపం, ఆ నిందంతా నోరులేని ప్రింటరు మోసింది.

నాలుగు వందల వరసలూ నేనూ, ఆ అబ్బాయీ కలిసి ఒక్కొక్కటే సరిచూశాం. నేను రంగు చూస్తున్నాను, వాడు తేదీ చదువుతున్నాడు. మధ్యాహ్నానికి వాడు "మేడంగారూ, ఇది చూడండి" అన్నాడు. ఒక గడువు తేదీ తక్కిన తేదీల్లా కుడి అంచున కాకుండా, గడిలో ఎడమ పక్కకి ఒదిగి కూర్చుని ఉంది. తొందరలో నేనే రోజుకీ నెలకీ మధ్య గీతకి బదులు చుక్కలు పెట్టాను. చుక్కలతో రాస్తే మా కంప్యూటరు దాన్ని తేదీ అనుకోదు, ఉత్త మాట అనుకుంటుంది. మాటకీ అంకెకీ పోటీ పెడితే ఎక్సెల్ దృష్టిలో మాటే ఎప్పుడూ పెద్దది. కాబట్టి ఆ మందుకి గడువు ఎన్నటికీ తీరదు. గడువు తీరి రెండు నెలలైన మందు, "ఇంకా బోలెడు రోజులున్నాయి" అన్న రంగులో హాయిగా నవ్వుతోంది! అలాంటివి మూడు దొరికాయి. మూడూ వాడే పట్టుకున్నాడు. రంగు చూసే అలవాటున్న నా కళ్ళు వాటిమీదనుంచి జారిపోయాయి. రంగుని నమ్మే అదృష్టం లేని కళ్ళు కాబట్టి అవి ఆగాయి.

ఆ మూడింటి సంగతి ఓనరుగారికి చెప్పాను. ఎవరు పెట్టిన చుక్కలో, ఎవరు పట్టుకున్నారో రెండూ చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. నెలాఖరు వచ్చింది, వెళ్ళింది. లెక్క తేల్చమని మళ్ళీ అడగలేదు. ఆ అబ్బాయి ఇప్పటికీ గోడౌన్లోనే ఉన్నాడు. కొన్ని నెలల తర్వాత తనే ధైర్యం చేసి ఓనరుగారికి కళ్ళ సంగతి చెప్పేశాడు కూడా. ఇది రాస్తానని అడిగితే, "పేరు రాయకండి మేడంగారూ, చాలు" అన్నాడు.

వాడు నాకు సంగతి చెప్పిన రోజు రాత్రి భీమవరంలో ఉన్న మా అన్నయ్యకి ఫోను చేశాను. మా చిన్నప్పుడు పెరట్లో టమాటా పాదులుండేవి. చారుకి పళ్ళు కోసుకురమ్మంటే అన్నయ్య సగం పచ్చివి కోసుకొచ్చేవాడు. నాన్నగారు "పరాకు వెధవ" అని వీపు మీద ఒకటి వేసేవారు. మేమంతా నవ్వేవాళ్ళం. కొన్నాళ్ళకి అన్నయ్యకి బుద్ధొచ్చి పళ్ళే తేవడం మొదలుపెట్టాడు. ఆ మాట అంతటితో మరుగున పడిపోయింది.

"అన్నయ్యా, నీకు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తుందా?" అని అడిగాను.

అటునుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వాడు. "అరవై ఏళ్ళు దాటాక అడుగుతున్నావే అమ్మాయ్! అంతగా తెలియదు."

"మరి ఆ తర్వాత పళ్ళే ఎలా తెచ్చేవాడివి?"

"అమ్మ చెప్పింది. ఒకరోజు పెరట్లోకి తీసికెళ్ళి, నా వేళ్ళు పట్టుకుని ఒక కాయా, ఒక పండూ నొక్కించింది. గట్టిగా ఉంటే కాయ, మెత్తగా ఉంటే పండు. రంగు చూడకురా, నొక్కి చూడు, అంది. నాన్నతో చెప్పకు అని కూడా అంది."

అమ్మ పోయి పందొమ్మిదేళ్ళయింది. ఆవిడ ఇషిహారా పేరు విని ఉండదు. తనలోంచే వాడికి ఆ చూపు వచ్చిందని తెలిసే అవకాశమే లేదు. పచ్చివి తెచ్చిన రోజున మాత్రం మారుమాట్లాడకుండా పచ్చి టమాటా పచ్చడి చేసి పెట్టేసేది.